పత్తి ఉన్నన్ని దినాలు

నవంబరు 9

స్టూడియో తయారైంది. పోయినేడాది కంటే పెద్దది.

ముందు గదిలో బాపు పత్తి నింపాడు, దూలం దాకా. మంచి ధర వచ్చేదాకా అమ్మనంటాడు కాబట్టి అది అక్కడే ఉంటుంది. నేను మధ్యలో తొలుచుకుంటూ పోయి ఒక మనిషి మఠం వేసుకుని కూర్చునేంత గుంత చేశాను. ఫోను నిలబెట్టడానికి ఒక ఇటుక పెట్టాను. లోపల కూర్చుంటే హర్యా తండాలోని కోళ్ళు, మేకలు, ట్రాక్టర్లు ఏవీ వినపడవు. హైదరాబాదులో ఇలాంటి గదికి గంటకింత అని కిరాయి గుంజుతారట. తిరుమలగిరి మండలం మొత్తంలో సొంత స్టూడియో ఉన్న ర్యాపర్‌ను నేనొక్కడినే. అసలు ర్యాపర్‌నే నేనొక్కడిని.

బాపు గుమ్మంలో నిలబడి షరతు పెట్టాడు.

"పత్తి ఉన్నన్ని దినాలు పాడుకో. పత్తి పోయినంక మిర్యాలగూడ పోవాలె."

మిర్యాలగూడలో మా బావ మోతీలాల్ పనిచేసే రైస్ మిల్లు ఉంది. అక్కడ లారీలు తూచే కాంటా దగ్గర, కంప్యూటర్ ముందు కూర్చుని చీటీలు తీసే పని నాకోసం అడిగి పెట్టాడు. నేను ఎం.సి. జిత్తును. చీటీలు తీయడానికి పుట్టలేదు. ఈ మాట బాపుతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కాబట్టి ఈ గది ఖాళీ అయ్యేలోపు పేరు తెచ్చుకోవాలి. అంతే.

నవంబరు 10

ఒళ్ళంతా దురద.

నవంబరు 16

నా జీవితం మారబోతోంది. తేదీ గుర్తుంచుకోవాలి.

లాత్వియా అనే దేశం ఉంది. రష్యా పక్కన మూడు చిన్న దేశాలుంటాయి, వాటిలో నడిమిది. అక్కడ రీగా పట్నంలో ఉల్దిస్ అనే ర్యాపర్ ఉన్నాడు. పాడేటప్పుడు వేరే పేరు పెట్టుకుంటాడు, వాళ్ళ భాషలో దానికి ఉప్పు చేప అని అర్థమట. ఎందుకు పెట్టుకున్నాడో ఎవరూ అడగలేదనుకుంటా. ఇప్పుడాయన ఒక బీటు చేసి ఇంటర్నెట్లో పెట్టాడు. ప్రపంచంలో ఎవరైనా దీని మీద పాడి పంపండి, నచ్చితే నా కొత్త పాటలో పెట్టుకుంటాను అన్నాడు.

ఆయన చరిత్ర మొత్తం చదివాను. పదహారేళ్ళకు మొదలుపెట్టాడు. అప్పటికి వాళ్ళ దేశంలో ర్యాప్ అంటే ఎవరికీ తెలియదు, నాలాగే. ఇరవై రెండేళ్ళకు దేశం మొత్తం ఆయన పాట పాడింది. దేశం మొత్తం అంటే మన రెండు జిల్లాల జనం ఉంటారు, అయినా దేశం దేశమే. తర్వాత దోస్తులతో లొల్లి అయి గ్రూపు విడిపోయింది. రెండో ఆల్బం ఎవరూ కొనలేదు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు, రీగాలో ట్రామ్ నడుపుతున్నాడు. స్టాపులో జనం ఎక్కి దిగే లోపల పాటలు రాసుకుంటాడట. ఈ పాటతో మళ్ళీ లేవాలని చూస్తున్నాడు.

బాపుకు చెబితే మొత్తం విని, ఆయనకు ఎన్ని ఎకరాలుంటాయని అడిగాడు.

నవంబరు 21

రికార్డింగ్ అయిపోయింది. ఒక చిన్న అంతరాయం జరిగింది కానీ పర్వాలేదు.

గుంతలో దూరి "నేనొస్తే రోడ్డు ఖాళీ, నా పేరు ఊరికి తాళి" అనే చరణం మంచి ఊపులో పాడుతున్నాను. అప్పుడే దాదీ వచ్చింది. దాదీ అంటే బాపు వాళ్ళమ్మ, చాందీ. డెబ్బై దాటింది. పత్తి మీద నా చెమట పడితే పత్తి పచ్చబడుతుందని, పచ్చబడితే ధర పడుతుందని, ధర పడితే నన్నే తక్కెడలో వేసి అమ్ముతానని, నన్నెవరూ కొనరు కాబట్టి అప్పుడు కూడా నష్టమేనని మొదలుపెట్టింది. రెండు నిమిషాలు తిట్టింది, ఊపిరి తీసుకోకుండా.

దాదీ తిట్లు మామూలువి కావు. మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళందరూ పెళ్ళికొడుకును చుట్టుముట్టి పాట కట్టి తిడతారు. వాడి ముక్కు, వాడి నడక, వాడి అమ్మ వండిన కూర, ఏదీ వదలరు. ఆ పాట ఎత్తుకోవడానికి చుట్టుపక్కల తండాల వాళ్ళు దాదీని బండి పంపి పిలిపించుకునేవారు. తుంగతుర్తి నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ఒకతను ఈమె పాట విని పందిట్లోనే ఏడ్చాడట. ఇప్పుడతనికి మనవలు. ఇప్పటికీ బస్సులో దాదీ కనిపిస్తే సీట్లోంచి లేచి నిలబడతాడు.

మళ్ళీ పాడదామంటే నా గొంతు పోయింది. అలాగే పంపేశాను. వెనక చిన్నగా వినపడుతుంది, పట్టించుకోరు.

నవంబరు 24

జవాబు లేదు.

నవంబరు 25

లేదు.

నవంబరు 26

నేను చూడటం మానేశాను. పొద్దుటి నుంచి పదకొండు సార్లే చూశాను.

నవంబరు 29

వచ్చింది!

ఆయన లాత్వియా భాషలో రాస్తే ఫోను తెలుగు చేసి చూపిస్తుంది. అదే మాట మార్చకుండా రాసుకుంటున్నాను:

"గౌరవనీయులైన జితేందర్, మీ ధ్వనిముద్రణ లభించినది. నేను ట్రామును నిలిపివేసి వింటిని. ప్రయాణికులు ఆగ్రహించిరి. వెనుక నుండి వచ్చుచున్న ఆ మహిళా కళాకారిణి ఎవరు? ఆమె లయ అద్భుతము. మీ స్వరము కూడా ఉన్నది."

చివరి వాక్యం చూడాలి. "మీ స్వరము కూడా." అంటే ఆయన నన్ను విడిగా గుర్తించాడు. రెండు వందల మంది పంపి ఉంటారు, అందరి స్వరం కూడా ఉందని రాస్తాడా?

డిసెంబరు 1

ఆయన్నే అడిగాను. మొత్తం ఇద్దరే పంపారట. రెండోది బ్రెజిల్ నుంచి, అందులో దగ్గు మాత్రమే ఉందట.

డిసెంబరు 3

ఆ మహిళ నా టీములో వెనక పాడే మనిషి అని రాశాను. అబద్ధం కాదు, వెనకే నిలబడింది కదా.

ఉల్దిస్ ఒకటే కోరాడు. ఆమెవి ఇంకో మూడు నిమిషాలు కావాలట, ఇలాగే, నిజం కోపంతో. నెలాఖరుకు పాట పూర్తి చేయాలి. రీగాలో ఒక రేడియో వాళ్ళు వింటామన్నారట, నచ్చితే జనవరిలో పెద్ద హాల్లో పాడనిస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన అవకాశమట. ట్రామ్ ఆఫీసులో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాడు. నా భాగం సంగతి తర్వాత చూద్దామన్నాడు. పెద్ద కళాకారులు అన్నీ ఒకేసారి చెప్పరు.

దాదీని తిట్టించడం కష్టమా? నేను పుట్టిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉంది.

డిసెంబరు 5

మేకలను విప్పి దాదీ మిరప మడిలోకి తోలాను. ఫోను చొక్కా జేబులో ఆన్ చేసి ఉంచాను. దాదీ వచ్చి చూసింది, మేకలను తోలింది, నన్ను చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

డిసెంబరు 6

దాదీ చుట్టల డబ్బా దాచాను. సాయంత్రం దాకా వెతికి, "పోనీ తియ్, మానేద్దామనుకున్న" అన్నది. నాకు భయం వేసింది.

డిసెంబరు 8

దాదీ మంచం నవారు విప్పేశాను. ఆమె వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కాక ఉందా అని మా యాడిని, అంటే అమ్మను పిలిచింది. ఇద్దరూ కలిసి నన్ను కూర్చోబెట్టి మిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీశారు. రాత్రి జొన్నరొట్టె మీద దాదీ తన వాటా నెయ్యి కూడా నాకే వేసింది.

డిసెంబరు 9

దాదీ నా ముంజేతికి తాయెత్తు కట్టింది. నా తల నిమిరి, "పాడుకో బిడ్డా, పత్తికేం గాదు" అన్నది. ఇరవై ఆరేళ్ళలో ఆ నోట ఆ మాట వినలేదు. తలుపు వెనక్కి పోయి కాసేపు నిలబడ్డాను. తిట్లు మూడు నిమిషాలు రికార్డు చేయాల్సిన ఫోనులో, నేను ముక్కు చీదుకోవడం రికార్డయింది.

డిసెంబరు 15

కోదాడలో ప్రోగ్రాం. నా మొదటి లైవ్ షో.

టైల్స్ షాపు ఓపెనింగు. మైకు ఇచ్చారు, ముందర ముప్పై మంది జనం. "నేనొస్తే నేల దద్దరిల్లు" అని ఎత్తుకోగానే ఒకావిడ దగ్గరికొచ్చి బాత్రూమ్ టైల్స్ మీద తగ్గింపు ఎంత అని అడిగింది. నేను ఆగకుండా పాడుతూనే లోపలికి చెయ్యి చూపించాను. చాలామంది అటే వెళ్ళారు. నా ప్రభావం అది.

షాపు యజమాని సాయితేజ గారు కోదాడ మనిషి, చాలా మర్యాద. భుజం మీద చెయ్యేసి, "బాగా చెప్తున్నావు తమ్ముడూ. మధ్యమధ్యలో మన ఫోన్ నంబర్ కూడా చెప్తావా?" అన్నారు. చెప్పాను. నంబరు మాత్రం తాళానికి భలే కుదిరింది. దానికే చప్పట్లు పడ్డాయి.

శాంపిల్ టైలు ఒకటి ఇచ్చారు. ఇటుక తీసేసి ఫోను కింద అది పెట్టాను.

డిసెంబరు 18

ఉన్నంత మట్టుకు కలిపి ఉల్దిస్ పాట పంపాడు. నా స్వరం కొంచెం తగ్గించాడు.

మళ్ళీ విన్నాను. చాలా తగ్గించాడు.

బయట కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. లేదు.

డిసెంబరు 19

అడిగాను. జవాబు: "గౌరవనీయులైన జితేందర్, మీరు సత్యము కోరితిరి. మీ భాగము ఉన్నచో పాట నడవదు. ఆమె ఉన్నచో పరుగెత్తును. మన్నించగలరు. చివరి భాగమునకు ఆమె మరలా కావలెను."

ఫోను అనువాదం సరిగా ఉండదు. ఈ విషయం అందరికీ తెలుసు.

డిసెంబరు 20

పత్తి ధర పెరిగిందట. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు.

డిసెంబరు 21

ఉల్దిస్‌కు రాశాను. ఆ కళాకారిణి తీర్థయాత్రకు వెళ్ళింది, ఆర్నెల్ల దాకా రాదు, ఆమె చెల్లెలు దొరికింది, ఆమె పంపుతుంది అని. తర్వాత పత్తిలో దూరి, పాత చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, సన్నటి గొంతుతో మూడు నిమిషాలు తిట్టి పంపాను. చాలా బాగా వచ్చింది. చివర్లో నాకే భయమేసింది.

డిసెంబరు 22

"గౌరవనీయులైన జితేందర్, ఇది మీరు."

డిసెంబరు 23

పొద్దున్నే బండి వచ్చింది. నలుగురు కూలీలు. నా స్టూడియోను సంచుల్లో కూరి తొక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. పత్తిలోంచి నా పెన్నులు మూడు, ఒక చెవి ఇయర్‌ఫోను, నా పాటల నోట్‌బుక్కు బయటపడ్డాయి. కూలీల్లో ఒకతను నోట్‌బుక్కు తీసి రెండు పేజీలు చదివి, మీ ఇంట్లో పిల్లల బడి పుస్తకమా అని అడిగాడు. అవునన్నాను.

మధ్యాహ్నానికి గది ఖాళీ. లోపల నిలబడి దగ్గితే నాలుగు గోడలూ దగ్గాయి. మోతీలాల్ బావ ఫోన్ చేసి ఆరో తారీకు చేరమన్నాడు. బాపు నా బట్టల సంచి దించి గుమ్మంలో పెట్టాడు. మాట మీద నిలబడే మనిషి ముందు మాట తప్పడం కష్టం.

డిసెంబరు 24

ఉల్దిస్ పెద్ద ఉత్తరం రాశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

వాళ్ళ దేశంలో కూడా పెళ్ళిలో రెండు పక్షాల ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు పాట కట్టి తిట్టుకుంటారట. వాళ్ళ అమ్మమ్మ అందులో మేటి. ఆమెను చూసే తనకు ర్యాప్ అంటే ఏంటో తెలిసిందట, అమెరికా వాళ్ళ టేపులు తర్వాత వచ్చాయి. ఆమె పోయి పదకొండేళ్ళు. ఆమె గొంతు రికార్డు చేయాలని ఎప్పుడూ తోచలేదట. నా పాటలో వెనక నుంచి మా దాదీ గొంతు వినగానే ట్రామ్ ఎందుకు ఆపాడో ఇప్పుడు రాశాడు. నెలాఖరు లోపల ఆమె పాడకపోతే రేడియో వాళ్ళకు ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదట. తీర్థయాత్ర బాగా జరగాలని కోరుకున్నాడు.

నాకు సిగ్గేసింది. సిగ్గేసిందని రాయడానికి కూడా రెండు పూటలు పట్టింది.

డిసెంబరు 26

దాదీకి మొత్తం చెప్పేశాను. ఖాళీ గదిలో నేల ఊడుస్తుంటే ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఉప్పు చేప, ట్రామ్, మిరప మడి, చుట్టల డబ్బా, నవారు, తీర్థయాత్ర, కొంగు, అన్నీ. ఇప్పుడు తిడుతుంది, ఫోను ఆన్ చేయాలా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. నా బుద్ధి అది.

దాదీ చీపురు పక్కన పెట్టింది.

"మరి అన్ని దినాలు ఎందుకు తిట్టలే దాదీ?" అని అడిగాను.

"నీ మొకం సూస్తే తిట్టబుద్ధి గాలే. ఏదో పోగొట్టుకున్నోని లెక్క తిరుగుతున్నవ్." నా తాయెత్తు సర్దుతూ అడిగింది, "నీ పాట మొత్తం తీసేసిండా?"

"మొత్తం."

"ఫోన్ కలుపు వానికి."

ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ పొద్దున. వీడియోలో ఉల్దిస్ ట్రామ్ యూనిఫాంలో ఉన్నాడు, వెనక అద్దం నిండా మంచు. దాదీని చూడగానే టోపీ తీసి నిలబడ్డాడు. దాదీ కొంగు నడుముకు దోపుకుని మొదలుపెట్టింది.

పెళ్ళి పాటల వరసే. మా లంబాడీ భాషలోనే. ఆయన ముక్కుతో మొదలుపెట్టి, ఆయన టోపీ, ఆయన మంచు, ఎద్దులు లేని ఆయన బండి దాకా పోయి, అక్కణ్ణుంచి నా సంగతిలోకి దిగింది. నా గురించి ఏమన్నదో ఇక్కడ రాయను. ప్రతి రెండు మాటలకూ నా పేరు వచ్చింది, వచ్చినప్పుడల్లా అరచేత్తో ఖాళీ గోడను కొట్టింది. పత్తి లేదు కదా, గోడ ఢమ్మని పలికింది. తొమ్మిది నిమిషాలు. బాపు కొట్టం దగ్గర్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఉల్దిస్ ఒక్క ముక్క అర్థం కాకుండానే తల ఊపుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన వెనక జనం ట్రామ్ తలుపులు బాదుతున్నారు.

అయిపోయాక దాదీ చెమట తుడుచుకుని, ఆయన బువ్వ తిన్నాడో లేదో అడగమన్నది.

డిసెంబరు 31

రేడియో వాళ్ళకు నచ్చిందట. రీగాలో హాలు ఇచ్చారు. దాదీకి చెబితే, "వాడు టోపీ పెట్టుకుంటుండా, సలి గదా" అన్నది.

జనవరి 6

మిర్యాలగూడ. కాంటా గది. చీటీలు తీశాను.

జనవరి 9

చీటీలు.

జనవరి 12

అక్క యమున ఇంట్లోనే ఉంటున్నాను. మోతీలాల్ బావ నన్ను మిల్లులో అందరికీ "మా బామ్మర్ది, ఫారిన్‌లో పాట పాడిండు" అని చెప్పి పెట్టాడు. నేను కాదనలేదు. రెండు రోజులు హాయిగా గడిచాయి.

జనవరి 19

హాలు నుంచి వీడియో వచ్చింది.

కాంటా మీద వేములపల్లి నుంచి వచ్చిన ధాన్యం లారీ ఉంది. నేను ఫోను కంప్యూటర్ పక్కన పెట్టి చూస్తున్నాను. స్టేజీ మీద ఉల్దిస్, నల్ల చొక్కా, టోపీ లేదు. మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు. ముందు ఆయన తన భాషలో రెండు చరణాలు పాడాడు. తర్వాత బీటు ఆగింది. మా ఇంటి గోడ ఢమ్మని మోగింది, దాదీ గొంతు హాలంతా నిండింది. మూడు వందల మంది లాత్వియా వాళ్ళు, స్వెట్టర్లు వేసుకున్న వాళ్ళు, చేతులు పైకెత్తి గంతులేస్తూ ఒక్కటే మాట అరుస్తున్నారు.

జితేందర్. జితేందర్. జితేందర్.

బావ వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె నీ గురించి ఏమంటోంది, అంత బాగా పొగిడిందా అని అడిగాడు. ఆయన తండా వదిలి చాలా రోజులైంది, దాదీ వేగం అందుకోలేడు. చాలా పొగిడిందన్నాను. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి ఆమె అన్నది తెలుగులో రాస్తున్నాను:

జితేందర్‌కు పాట రాదు, నాకెరుక.
వాడు గొంతెత్తితే మేక పాలియ్యదు, నాకెరుక.
రాకపోతే రాకపాయె, జితేందర్ నావోడు.
వాని పాట కొయ్యనీకె నువ్వెవడివి, జితేందర్ నావోడు.

పేరు తెచ్చుకుంటానన్నాను. వచ్చింది. మంచు దేశంలో మూడు వందల మంది గొంతు చించుకుని నా పేరు అరుస్తున్నారు, నాకు పాట రాదన్న సంగతి ఒప్పుకుంటూ. వాళ్ళకా ముక్క తెలియదు. నాకు తెలుసు. చాలా ఏళ్ళ నుంచే తెలుసు. దాదీకి తెలుసని మాత్రం తెలియదు. తెలిసి కూడా ఆమె నాకోసం సముద్రాల అవతలి మనిషితో కొట్లాటకు దిగింది. ఆ మాట తట్టగానే కంప్యూటర్ మీద అంకెలు మసకబారాయి. ఏడ్చాను, కాంటా గదిలో, చీటీ చేతిలో పట్టుకుని.

లారీ డ్రైవర్ పెద్దులు దిగి కిటికీ దగ్గరికొచ్చాడు. చీటీ కోసం అనుకున్నాను. ఫోను వైపు చూసి, "పాట జబర్దస్తుంది అన్నా. ఎవరు పాడిండ్రు? నువ్వేనా?" అని అడిగాడు.

బావ నా వెనకే ఉన్నాడు. అవునంటే సరిపోయేది.

"మా దాదీ పాడింది. జితేందర్ నేను," అన్నాను.